డ్రాయింగు గదిలో నాలుగు తరాల ఫోటో

విజయనగరంలో మన బడి విడిచి, మూడు లాంతర్ల దగ్గర స్టూడియో పెట్టుకుని ఇన్నేళ్లు గడిచినా, ఏ కుటుంబం ఫోటో చేతికి వచ్చినా ముందుగా ముఖాలను అరచేత్తో మూసి మిగిలినదంతా చూసే అలవాటు నాకు పోలేదు. తొమ్మిదో తరగతిలో ఆ అలవాటు చేసినవారు మన డ్రాయింగు మాస్టారు.

ఒక మధ్యాహ్నం ఆయన అట్టకు అంటించిన పాత ముద్రణ చిత్రం ఒకటి తెచ్చి నల్లబల్ల అంచున నిలబెట్టారు. 1894 జులైలో, పుట్టి నెల తిరగని పసివాడి బాప్తిస్మం సందర్భంగా, డౌనీ సోదరుల స్టూడియో తీసిన ఇంగ్లండు రాజకుటుంబం ఫోటో అది. మన ఊళ్లో గురజాడ అప్పారావు గారు ఆనంద గజపతి మహారాజు కొలువులో ఉన్న రోజులవని చెప్పేసరికి, ఎక్కడి ఫోటోయో ఒక్కసారిగా మాకు దగ్గరైంది. విక్టోరియా రాణి కూర్చుని ఒడిలో మునిమనవడిని పెట్టుకుంది. ఆమె కొడుకు, మనవడు వెనుక నిలబడ్డారు. రాణి తరువాత ఆ ముగ్గురూ వరుసగా ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి, ఎనిమిదో ఎడ్వర్డు పేర్లతో రాజులయ్యారు. ఒడిలోని పసివాడు మాత్రం 1936లో, రాజై ఏడాదైనా నిండకుండానే, సింహాసనం వదులుకున్నాడు.

"అదంతా సోషలు మాస్టారు చెబుతారు. మీ కంటికి ముందు ఏది తగిలింది?" అని అడిగారు.

అందరూ రాణి అన్నారు. నేను పసివాడి గౌను అన్నాను. ఆయన నన్ను ముందుకు పిలిచి, అలా ఎందుకు తగిలిందో అందరికీ చెప్పమన్నారు; చెప్పలేకపోతే తానే చెప్పారు. 1861లో భర్త పోయినప్పటి నుంచి రాణి నలుపు విడిచిపెట్టలేదు. ఆ నల్లటి ఒడి మీద, తన మొదటి బిడ్డ కోసం 1841లో కుట్టించిన తెల్లని లేసు గౌను పొడుగ్గా పరచుకుని ఉంది. తెలుపు నలుపులు దుస్తుల్లోనే దొరికాయి కనుక అది ఫోటోగ్రాఫరు గొప్పతనం కాదనుకోవచ్చు. కాని నలుగురిలోకి అందరికన్నా చిన్నవాడిని, అందరికన్నా కిందుగా ఉన్నవాడిని, అందరికన్నా ముందు కనబడేటట్టు కూర్చడం, నిలబడిన ఇద్దరినీ ఆ తెలుపుకు వెనుక గోడలా నిలపడం ఆయన చేసిన పని. నా దృష్టిలో ఆ ఫోటోలోని కళ అంతా అక్కడే ఉంది. వారసత్వపు వరుస చూపించడానికే తీసే ఫోటోలో మనుషులు వంశవృక్షంలోని పేర్లయిపోవడం చాలా తేలిక. నిజానికి వెనుక ఉన్న ఇద్దరూ కొంతవరకు అలా అయిపోయారనే నా అభిప్రాయం. ముఖాలు మూసి చూస్తే మాత్రం, పసివాడిని ఒడిలో కాసుకున్న ఆ ముసలామెకు కిరీటం ఉందన్న సంగతే గుర్తు రాదు.

స్టూడియో పెట్టిన తొలి ఏడాది బొండపల్లి వైపు నుంచి ఒక కుటుంబం నాలుగు తరాల ఫోటోకు వచ్చింది. పెద్దకొడుకు గారు నడుమ కుర్చీలో కూర్చున్నారు. ముత్తవ్వ, "నాకెందుకు బాబూ కుర్చీ" అంటూ ఒక చివర ఒదిగి నిలబడింది. లైటు అందరి ముఖాల మీదా సమంగా పడేటట్టు సరిచూసుకుని తీశాను. ప్రింటు వచ్చాక చూస్తే ముత్తవ్వ కుడిచేయి మణికట్టు దగ్గర ఫ్రేము అంచుకు తెగిపోయి ఉంది. ఆ చేత్తోనే ఆమె మునిమనవడి వేలు పట్టుకుని ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లు సంతోషంగానే తీసుకెళ్లారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఇంటి పెద్దావిడను ముందు కూర్చోబెట్టి, ఆమె చేతులు ఎక్కడ ఉంటాయో చూసుకున్నాకే మిగిలినవారిని నిలబెడుతున్నాను.

2016 ఏప్రిల్‌లో రెండో ఎలిజబెత్ రాణి 90వ పుట్టినరోజుకు బ్రిటన్ తపాలా సంస్థ నాలుగు బిళ్లల షీటు విడుదల చేసింది. రాణి, కొడుకు చార్లెస్, మనవడు విలియం, మునిమనవడు జార్జి కలిసి ఉన్న ఒకే ఫోటోను బిళ్లకొకరు వచ్చేటట్టు విడదీశారు. రానల్డ్ మెకెక్నీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో అంతకు ముందటి వేసవిలో తీసిన ఫోటో అది. రిటైరైన మాస్టారి ఇంటికి వెళ్లి ఆ బిళ్లల బొమ్మ ఫోనులో చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "పిల్లాడికి ఎన్నేళ్లురా?" అని అడిగారు.

"రెండేళ్లండీ, మాస్టారూ."

"రెండేళ్లవాడి తల పెద్దవాళ్ల వరసలోకి ఎలా వచ్చింది? కాళ్ల కింద ఏం పెట్టారు?"

నాకు ఒళ్లు జలదరించింది. వాడిని నిజంగానే ఫోమ్ దిమ్మల మీద నిలబెట్టారు. బిళ్లల్లో కనబడని ఆ దిమ్మలు పూర్తి ఫోటోలో ఉన్నాయి; అది తీసి ఆయన చేతికిచ్చాను. దిమ్మలను ఒక్క క్షణం చూసి, తెర మీద నలుగురి ముఖాలనూ బొటనవేలితో మూశారు.

"తండ్రి చేయి వదల్లేదు, చూశావా" అన్నారు.