వార్డు నుంచి పరిశోధనలోకి: నా అనుభవం

వైద్యం చేస్తూనే పరిశోధన కూడా చేయాలనుకునే వారిలో చాలామంది కొత్త మందు గురించో కొత్త పరీక్ష గురించో ఆలోచిస్తారు. నేను ఎంచుకున్నది, ఉన్న మందే రోగికి సరిగ్గా అందుతోందా అన్న ప్రశ్న. డిశ్చార్జి సమయంలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను తగ్గించే ఒక పద్ధతిని వార్డుల్లో ప్రవేశపెట్టి, అది పనిచేస్తుందో లేదో తేల్చే క్రమంలో నేను చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చేసింది పరిశీలన. డిశ్చార్జి రోజున నర్సు చేతిలో రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న పాత చీటీ, కేస్ షీటు, డిశ్చార్జి సమ్మరీ ఉంటాయి. చేరిన రోజు బీపీ పడిపోయిందని ఆపిన మాత్రను మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ మూడింటిలో ఎక్కడా రాసి ఉండదు. ఒకే మందు పాత చీటీలో ఒక బ్రాండు పేరుతో, సమ్మరీలో మరో పేరుతో ఉంటే, రోగి ఇంటికి వెళ్లి రెండూ వేసుకుంటాడు. అందుకే ప్రతి పాత మందు పక్కన కొనసాగించామా, మార్చామా, ఆపామా, ఎందుకు అన్నది రాసే ఒకే ఒక్క కాగితం తయారుచేశాం. దాన్ని డిశ్చార్జి హడావుడిలో కాకుండా చేరిన రోజే మొదలుపెట్టాలని సూచించింది నర్సులే. ఈ పథకం నిలబడటానికి ఆ సూచనే ప్రధాన కారణమని నా నమ్మకం.

అసలు కష్టం రుజువు దగ్గర మొదలవుతుంది. 2009లో వెలువడిన అధ్యయనంలో, ఎనిమిది ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స చెక్‌లిస్టు వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అదే తరహా చెక్‌లిస్టులను కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమలుచేసినప్పుడు, గణాంకపరంగా చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని 2014లో మరో అధ్యయనం తేల్చింది. కాగితం ఉండటం వేరు, పని మారడం వేరు. పైగా ముందు, తర్వాత లెక్కలను మాత్రమే పోల్చితే, ఆ కాలంలో వచ్చిన ఇతర మార్పుల ఫలితం కూడా మన ఖాతాలో పడిపోతుంది. కాబట్టి అన్ని వార్డులకూ పద్ధతి అందేలా, ఏ వార్డుకు ముందు, ఏ వార్డుకు తర్వాత అన్నది మాత్రం లాటరీతో నిర్ణయించే స్టెప్డ్ వెడ్జ్ విధానాన్ని ఎంచుకున్నాం. 1980లలో గాంబియాలో హెపటైటిస్ బి టీకాను ఈ విధంగానే దశలవారీగా ప్రవేశపెట్టి పరిశీలించారు.

పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను చాలా ఆలోచింపజేసింది: ఇంకా పద్ధతి మొదలుకాని వార్డులో ప్రమాదకరమైన పొరపాటు మీ కంటపడితే, లెక్క కోసం ఊరుకుంటారా? వెంటనే చికిత్స చేస్తున్న వైద్యునికి చెప్పి, ఆ పొరపాటును లెక్కలో ఉంచుతామని ప్రోటోకాల్‌లో, అంటే పరిశోధన ప్రణాళిక పత్రంలో, స్పష్టంగా రాశాకే అనుమతి లభించింది. ఆ ప్రశ్న అడిగినందుకు నేటికీ వారికి కృతజ్ఞుణ్ణి.

ఈ రంగంలోకి వచ్చే యువ వైద్యులకు నేను చెప్పేది, గణాంక నిపుణులను సమాచార సేకరణ పూర్తయ్యాక కాకుండా ప్రశ్న రాసే రోజే పిలవమని. పదోన్నతుల సమయంలో ఇలాంటి పనిని పరిశోధనగా కాక పరిపాలనగా చూసేవారు ఎదురవుతారు. ప్రోటోకాల్‌ను ముందే నమోదు చేసి ఉంచడమే వారికి సరైన సమాధానం.

ప్రస్తుతం ఆ కాగితాన్ని కంప్యూటర్ రికార్డులోకి మార్చే పని నడుస్తోంది. మందు ఎందుకు ఆపారో రాయనిదే సమ్మరీ పూర్తి కాకూడదన్న ఒక్క నిబంధన మీద నేను పట్టుబడుతున్నాను.