డెల్ఫ్ బీ2 రైటింగ్‌: రిఫ్లెక్సివ్ వెర్బ్స్ అగ్రిమెంట్‌కి నాకు దొరికిన దారి

డెల్ఫ్ బీ2కి, అంటే ఫ్రెంచ్ భాష పరీక్షకి, ప్రిపేర్ అవుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. నాలుగు సెక్షన్లు, ఒక్కోటి 25 మార్కులు, మొత్తం 50 వస్తే పాస్, కానీ ఏ సెక్షన్‌లోనూ 5కి తగ్గకూడదు, ఇదంతా మీకు తెలిసిందే. నన్ను ఏడిపించింది మాత్రం రైటింగే, అందులోనూ పాసే కొంపోజేలో, అంటే జరిగిపోయిన పని చెప్పే టెన్స్‌లో, రిఫ్లెక్సివ్ వెర్బ్స్ (సె, మె లాంటివి ముందు పెట్టుకుని వాడేవి).

ఈ టెన్స్‌లో వెర్బ్‌కి తోడుగా ఎత్ర్ గానీ అవ్వార్ గానీ వస్తుంది; ఎత్ర్ వస్తే సబ్జెక్ట్‌ని బట్టి అగ్రిమెంట్, అంటే ఆడవాళ్లైతే చివర e, ఎక్కువమందైతే s అని మొదట్లో నేర్చుకుంటాం కదా. మనం తెలుగులో కూడా వచ్చాడు, వచ్చింది అని సబ్జెక్ట్‌ని చూసే మారుస్తాం కాబట్టి అది ఇట్టే ఎక్కేసింది. రిఫ్లెక్సివ్‌కీ ఎత్రే కదా, అదే రూల్ అనుకుని మాక్ టెస్ట్ లెటర్‌లో 'జె మె సుయి రాందూ కోంత్', అంటే నాకు అర్థమైంది అని మూడు చోట్ల రాసి, నేను అమ్మాయిని కాబట్టి మూడు చోట్లా రాందూ చివర ఈ (e అక్షరం) తగిలించా. మూడింటికీ ఎర్ర గీతే.

అసలు సంగతేంటంటే ఇక్కడ ఎత్ర్ పేరుకే, లోపల నడిచేది అవ్వార్ రూలే, డైరెక్ట్ ఆబ్జెక్ట్ ముందు వచ్చిందా లేదా అన్నదే చూడాలి. కోంత్ అనేదే ఆబ్జెక్ట్, అది వెనకాల ఉంది, అందుకే ఈ రాదు. 'ఎల్ సే లావే' అంటే తనని తాను కడుక్కుంది, ఆబ్జెక్ట్ ఆ 'తనని'యే, ముందే ఉంది, ఈ పెట్టాలి. 'ఎల్ సే లావే లే మాఁ' అంటే చేతులు కడుక్కుంది, ఆబ్జెక్ట్ చేతులు, వెనకాల ఉన్నాయి, ఈ తీసేయాలి. అవే చేతుల్ని ముందుకి తెచ్చి 'లే మాఁ కెల్ సే లావే', అంటే ఆవిడ కడుక్కున్న చేతులు, అన్నామంటే ఈ, ఎస్ రెండూ పెట్టాలి. మూడింట్లోనూ లావే చెవికి ఒకేలా వినిపిస్తుంది, అదే బాధ!

నన్ను గట్టెక్కించింది మన తెలుగు ని, కి: 'ని' వస్తే డైరెక్ట్ ఆబ్జెక్ట్, 'కి' వస్తే కాదు. ఒకరినొకరు చూసుకున్నారు, 'ని' వచ్చింది, కాబట్టి 'ఇల్ సె సోఁ వ్యూ'లో ఎస్ పెట్టాలి. ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు, 'కి' వచ్చింది, 'ఇల్ సె సోఁ తెలెఫొనే'లో ఏమీ పెట్టకూడదు. మాట్లాడుకున్నారు అన్నప్పుడు 'తో' వస్తుంది, పార్లేకి కూడా ఏమీ వద్దు. కానీ దీన్ని గుడ్డిగా నమ్మొద్దు, మనం ఒకరికొకరు సాయం చేసుకున్నారు అంటాం, ఫ్రెంచ్‌లో సాయం చేయడానికి వాడే ఎదే డైరెక్ట్ ఆబ్జెక్టే తీసుకుంటుంది, అక్కడ ఎస్ పడుతుంది. థాంక్స్ చెప్పడానికి వాడే రెమెర్సియే, ఎదురుచూడటానికి వాడే అతాంద్ర్ కూడా ఇంతే. ఇలాంటివి దొరికినప్పుడల్లా నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నా, మీరూ రాసుకోండి. సె లేకుండా అసలు వాడని వెర్బ్స్, సె సువెనీర్ (గుర్తుండటం), సెవానుయీర్ (స్పృహ తప్పడం) లాంటివి, వాటికి మాత్రం హాయిగా సబ్జెక్ట్‌నే చూసుకోవచ్చు.

స్పీకింగ్‌లో దాదాపు ఇవేవీ వినపడవు గానీ 'ఎల్ సే మీజ్ ఆ ప్లరే' అన్నప్పుడు ఆ జ్ శబ్దం పలకాల్సిందే, ఏడవడం మొదలుపెట్టింది ఆవిడ కదా.

ఎగ్జామ్‌లో 250 పదాలూ రాసేశాక చివరి ఐదు నిమిషాలు ఇంకేం చూడలేదు, సె, మె, ను ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి ని నా, కి నా అని అడుగుతూ పోయా. రాందూ చివర మళ్లీ ఒక ఈ దొరికింది, కొట్టేశా.