బన్నులో ఊరిబిండి

బస్సు జడ్చర్ల దాటాక మా అక్క కొడుకు సంచిలోంచి బ్రెడ్డు, ఆలుగడ్డ చిప్స్ పొట్లం తీశాడు. రెండు ముక్కల మధ్య గుప్పెడు చిప్స్ పోసి, అరచేత్తో అదిమి, కరకరలాడిస్తూ తిన్నాడు. పక్క సీటు పెద్దాయన కన్నార్పకుండా చూశాడు. వాడు పుట్టి పెరిగింది ఇంగ్లండులోని లీడ్స్‌లో. అక్కడ వెన్న రాసిన బ్రెడ్డులో వేడివేడి ఆలుగడ్డ వేపుడు ముక్కలు పెట్టుకుని తింటారు, దాన్ని చిప్ బటీ అంటారు. మార్మైట్ అని ఇంకొకటి ఉంది. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టుతో చేసే నల్లటి ముద్ద, 1902 నుంచి చేస్తున్నారు. "వాసనకే నువ్వు లేచిపోతావు చిన్నమ్మా. నాకు మాత్రం జ్వరమొస్తే అదే కావాల" అన్నాడు. వాడి తెలుగు మా అక్క దగ్గర నేర్చుకున్నది, యాస చెక్కుచెదరలేదు.

ఆ మాటకి నాకు ముప్పై ఏళ్ళ కిందటి డబ్బా ఒకటి గుర్తొచ్చింది. అప్పటికి ఏమీ చెప్పలేదు.

కర్నూలులో దిగేసరికి రాత్రయింది. పొద్దున్నే కొండారెడ్డి బురుజు చూపించి, ఈ ఊరు 1953 నుంచి 56 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని చెప్పి, నేరుగా ఉగ్గాని బండి దగ్గరికి తీసుకుపోయాను. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపుతో వేసిన తిరగవాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. తెలియనివాళ్ళు బజ్జిని విడిగా కొరుక్కుంటారు. మేమైతే తుంచి ఉగ్గానిలో కలిపేస్తాం. మెత్తటి బొరుగుల మధ్య బజ్జి కరుకుదనం తగలాలి. వాడు రెండో ముద్దకే తలెత్తి "చిన్నమ్మా, ఇది మన చిప్ బటీ!" అన్నాడు. అవును, రెండూ తక్కువ ఖర్చుతో కడుపు నింపేవే.

బండాయన విని "ఉగ్గాని అంటే కర్నూలే సార్" అన్నాడు. మా అనంతపురం వాళ్ళు ఒప్పుకోరన్నాను. బళ్ళారి వాళ్ళు మమ్మల్నిద్దర్నీ ఒప్పుకోరు. అక్కడ దీన్నే ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఆ మాటకి తిరగవాత అని అర్థం, ఉగ్గానికి దానితో చుట్టరికం ఉందని చెవికే తెలుస్తుంది. 1953లో బళ్ళారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటొచ్చాయి, మిగతా తాలూకాలు మైసూరుకి పోయాయి. బొరుగులు మాత్రం రెండు పక్కలా నానుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నానికి అనంతపురం చేరాం. బేకరీలో వాడు అరడజను బన్నులు కొన్నాడు. బెంగళూరులో కాంగ్రెస్ బన్ను అని అమ్ముతారు, వెన్న పూసిన బన్నులో కారం పట్టించిన చెనిక్కాయ (వేరుశనగ) పప్పులు పెడతారని చెబితే, అయితే మనమూ చేద్దామన్నాడు. నా గుండె ఒక్కసారి ఝల్లుమంది.

కళ్యాణదుర్గం దగ్గర మా మామ వాళ్ళ ఊరికి పోయేసరికి పొద్దు వాలుతోంది. సంక్రాంతి అయిపోయిన వారం. నట్టింట్లో చెనిక్కాయల మూటలు మూడే ఉన్నాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమయానికి పడదు. ఎర్రనేలలో ఇంకేం వేసినా ఎండిపోయే చోట ఈ పంటే ఎంతోకొంత చేతికొస్తుంది. అత్త మమ్మల్ని చూసి కళ్ళొత్తుకుని, వాడి గడ్డం పట్టుకుని, "ఏం తింటావప్పా?" అని అడిగింది.

"ఊరిబిండి, అవ్వా." మా పక్క చెనిక్కాయల పచ్చడిని అట్లా అంటారు.

మిక్సీ ఉంది, కానీ అత్త దాని వైపు పోలేదు. చెనిక్కాయ విత్తనాలు మూకుట్లో వేసి, కట్టెల మంట తగ్గించి, దోరగా అయ్యేదాకా కలుపుతూనే ఉంది. ఒక్క గింజ మాడినా ముద్దంతా చేదవుతుందట. చాటలో పోసి, అరచేత్తో నలిపి, పొట్టు చెరిగేసింది. పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గించింది. రోట్లో మొదట మిరపకాయలు, ఉప్పు, చింతపండు, తర్వాత విత్తనాలు, తెల్లగడ్డ పాయలు. ఎర్రగడ్డ చివర్లో వేసి రెండే తిప్పులు తిప్పింది, అది నలగాలే కానీ నీరు కాకూడదు. వాడు పొత్రం అడిగి తీసుకుని కాసేపు నూరాడు. చెమట పట్టింది. నూరుతూనే, మిరప, చెనిక్కాయ రెండూ అమెరికా ఖండాల పంటలనీ, పోర్చుగీసు వాళ్ళు వచ్చాకే మన దేశంలో అడుగుపెట్టాయనీ చెప్పాడు.

అత్త పొత్రం వెనక్కి తీసుకుంది. "యాడనుంచి వస్తేనేమప్పా, నూరింది మేము గదా."

జొన్నరొట్టె మీద వెన్న, పక్కన ఊరిబిండి పెట్టింది. వాడు రొట్టె తిన్నాక ఒక బన్ను చీల్చి, లోపల ఊరిబిండి దట్టంగా పూసి, మూసి, కొరికాడు. నేను చూస్తూ కూర్చున్నాను. అప్పుడు చెప్పాను, అక్కకి కూడా చెప్పని సంగతి. ఇంటర్‌లో నన్ను కోస్తా ఊళ్ళో హాస్టల్లో వేశారు. అమ్మ ఊరిబిండి డబ్బా కట్టిచ్చేది. ఆదివారం ఇచ్చే బన్నులో సరిగ్గా ఇట్లాగే పూసుకుని తినేదాన్ని. ఒకరోజు మా గదిలో అమ్మాయి వాసన చూసి, "కరువు తిండి" అంది. చుట్టూ నవ్వారు. డబ్బా పెట్టె అడుక్కి పోయింది, అక్కడే బూజు పట్టింది. అమ్మ అడిగితే అయిపోయిందని అబద్ధం చెప్పాను. అమ్మ మళ్ళీ నూరి పంపింది.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "కరువు తిండే మరి. వాన రాని ఏడు కూడా విత్తనానికి పోను ఇంత మిగుల్తాది. దాంతోనే మీ అమ్మను సాకినాం, నన్ను సాకినారు. ఆ పిల్ల తప్పేం అన్లేదు, నువ్వే తినకపోతివి."

ఇంకో బన్ను చీల్చి నా చేతికిచ్చింది. బన్ను తీపి, చింతపండు పులుపు, ఆ తర్వాత మెల్లగా ఎక్కే కారం. ముప్పై ఏళ్ళ తర్వాత తిన్నాను. అత్త తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని, "బన్నులో ఏముంది, బూరుగు దూది. ఊరిబిండే దాన్ని మోస్తాంది" అని తీర్పు చెప్పింది. నేనూ అదే అంటాను.

మర్నాడు తాడిపత్రి మీదుగా కడపకి బయలుదేరాం. సీసా నిండా ఊరిబిండి వాడి ఒళ్ళో ఉంది. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ముందు పది నిమిషాలు ఆగాం, ఆ గోపురాల రాతిపని కోసం ఇంకోసారి విడిగా రావాలి.

కడపలో కారం దోశ. పెనం మీద దోశ కాలుతుండగానే ఎండుమిరప, ఎర్రగడ్డ, తెల్లగడ్డ కలిపి నూరిన ఎర్రకారం గరిటెడు పూసి, పప్పుల పొడి చల్లి, మడిచి ఇస్తారు. దోశ పొరల మధ్య పూసిన కారమే అసలు సరుకు. పిల్లోడు బయటి దేశం నుంచి వచ్చాడు, కొంచెం తక్కువ పూయమని అడిగాను. హోటలాయన గరిటె ఆపేశాడు. "తక్కువేస్తే అది కారం దోశ కాదు మ్మా. ఉత్త దోశ ఇస్తా, తినమను." వాడు ఉత్తది వద్దన్నాడు. కళ్ళలో నీళ్ళు కారుతుండగా రెండు తిన్నాడు. హోటలాయన అడక్కుండానే మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు.

డబ్బులిచ్చేటప్పుడు వాడు సీసా మూత తీసి, "మా అవ్వ చేసింది, రుచి చూడన్నా" అన్నాడు. ఆయన చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"అనంతపురం వాళ్ళు చెనిక్కాయ బాగా వేయిస్తారబ్బీ" అన్నాడు. "కారమే రవ్వంత తక్కువైంది."