పుర్రె ఇంకా ఆ ఇంట్లోనే ఉందట

ఇంగ్లండ్‌లో ఈస్ట్ యార్క్‌షైర్‌లోని బర్టన్ ఆగ్నెస్ హాల్ చూసొచ్చాం. ఎర్ర ఇటుకల పాత బంగళా. సర్ హెన్రీ గ్రిఫిత్ 1598లో మొదలుపెట్టి 1610 నాటికి పూర్తి చేయించాడు.

అక్కడి దయ్యం పేరు ఆన్, ఆ ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్లలో చిన్నది. ఇల్లు కడుతున్నంత కాలం ఆమెకు అదే ధ్యాస. ఓసారి పక్క ఊరు హార్ఫమ్ వెళ్తే దొంగలు కొట్టారట. పోయేముందు తన తలను ఈ ఇంట్లోనే ఉంచమని అక్కల దగ్గర మాట తీసుకుంది. వాళ్లు సరే అని, మామూలుగా పూడ్చిపెట్టేశారు. (ఎవరైనా అదే కదా చేసేది!) ఇక రాత్రుళ్లు మూలుగులు, తలుపులు ధడేల్మని కొట్టుకోవడం. చివరికి సమాధి తవ్వి పుర్రెను తెచ్చాకే ఇల్లు సద్దుమణిగింది. తర్వాతెప్పుడో ఒక పనమ్మాయి దాన్ని క్యాబేజీల బండిలోకి విసిరేస్తే గుర్రాలు అడుగు కదపలేదట. ఇప్పుడది ఏదో గోడలో ఉందంటారు.

నాకు నచ్చింది ఏంటంటే, ఈమెకు పగ లేదు. చంపినవాళ్ల జోలికి పోలేదు, ఎవరినీ పట్టి పీడించలేదు. ఇల్లు కావాలి, అంతే. సొంతిల్లు కట్టించుకున్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ముగ్గురూ ఉన్న 1620 నాటి చిత్రం అక్కడే ఉంది. నల్ల బట్టల్లో ఉన్నది ఆన్ అంటారు. దాన్ని చూశాక చెక్క పలకల గోడ కనిపించిన ప్రతిచోటా నేను ఆగిపోవడమే. మా ఆయన మాత్రం టీ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటున్నాడు.