మాస్కు నేర్చుకున్న మధ్యాహ్నం: నా అనుభవం

మా ఉన్నత పాఠశాల వార్షిక సంచికకు ఈ ఏడు ముఖచిత్రం నేనే తయారుచేశాను. నేను తెలుగు పండితుణ్ణి, పదవీ విరమణకు నాలుగేళ్లుంది. ఏటా ఏదో ఒక స్టూడియోకు వెళ్లడం, వాళ్లు మన వరిచేల వెనుక మంచుకొండలు అతికించి ఇస్తే మారు మాట్లాడకుండా తెచ్చుకోవడం మనసుకు కష్టమై, తొమ్మిదో తరగతికి మొదలుపెట్టిన మీడియా తరగతిలో పిల్లలతో పాటు కూర్చున్నాను.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో నేను తీసిన ఫొటోను ఎంచుకున్నాను. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే రంగు వస్త్రాలు చుట్టి ఊరేగించే ఎత్తైన వెదురు కట్టడాలు, చేరే ఆ తీర్థంలో ఎండకు ఎదురుగా నిలబడి తీసినందువల్ల ఆకాశం చక్కగా వచ్చింది గాని, ప్రభ మీది రంగు వస్త్రాలన్నీ నల్లబడిపోయాయి. వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం ఒక్క రోజులో పట్టుబడ్డాయి. మేము వాడింది ఫొటోలు దిద్దే జింప్. 1996లో ఇద్దరు విద్యార్థులు లోకానికి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్.

కష్టమంతా మాస్కు దగ్గర, అంటే పొరలో అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచే తెర దగ్గర వచ్చింది. ఫొటోకు నకలు తీసి పై పొరగా ఉంచి, దానిని ప్రభ కనిపించేంత వెలిగించాలి. అప్పుడు తెల్లగా పాలిపోయే ఆకాశాన్ని మాస్కుతో కప్పితే కింది పొరలోని అసలు ఆకాశం బయటపడుతుంది. "తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది" అని చెప్పి, ఆ కుర్ర ఉపాధ్యాయుడు ముందుకు సాగిపోయారు. నేను నల్ల కుంచెతో ఆకాశం మీద రాస్తే ఆకాశమంతా తారు పూసినట్లయింది. తెలుపు చూపిస్తుందన్నారు గదా అని తెల్ల కుంచె పట్టాను. తారు మీద సున్నం పడింది. ఆయన దాన్ని ప్రొజెక్టరు మీద వేసి, "ఇలా చేయకూడదు" అన్నారు. నేను ఛందస్సు చెప్పే పిల్లలే ఘొల్లున నవ్వారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తరగతి గదిలో తల దించుకోవడం నాకు అదే మొదలు.

గంట కొట్టాక ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మీరు మాస్కు మీద కాదండీ, బొమ్మ మీదే రాస్తున్నారు" అంది. పొర పేరు పక్కన రెండు చిన్న గళ్లుంటాయి, ఒకటి బొమ్మది, ఒకటి మాస్కుది. దేని చుట్టూ తెల్లని అంచు కనబడితే కుంచె దాని మీదే పనిచేస్తుంది. ఆ అమ్మాయి రెండో గడిని నొక్కింది. నేను నల్ల కుంచె కదిపిన చోటల్లా కింది ఆకాశం పైకి తేలింది. ఎక్కడ నొక్కాలో ముందు చూపించకుండా తప్పును తెరకెక్కించడం బోధన కాదని ఆ ఉపాధ్యాయుడితో ముఖాముఖిగానే చెప్పాను.

ఆ సాయంత్రం జేపెగ్‌గా ఎగుమతి చేసి, మూసేటప్పుడు అడిగిన ప్రశ్నకు 'భద్రపరచవద్దు' అని నొక్కాను, పొరలన్నీ పోయాయి. పొరలను అలాగే ఉంచే జింప్ సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. రెండోసారి గంటన్నరలో ముగించాను.

ప్రెస్సువారు వాట్సాప్‌లో పంపమన్నారు. మామూలుగా ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, ఎవరడిగినా అలా పంపకండి. ఏ4 ముఖచిత్రానికి అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు కావాలి గనుక, పెన్‌డ్రైవ్ పట్టుకుని నేనే అమలాపురం వెళ్లాను.

సంచిక నిన్న వచ్చింది. ప్రభ మీది ఎర్ర వస్త్రం మడతతో సహా కనిపిస్తోంది. ముఖచిత్రం కింద నా పేరు పక్కన ఆ అమ్మాయి పేరు కూడా వేయించాను.