గోడ మీది పదకొండు మంది

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళ గోడలు చూస్తే ఎవరి పెత్తనం ఎంతవరకో తెలిసిపోతుంది. ముందుగదిలో వేంకటేశ్వరస్వామి పటం, పెళ్ళి ఫొటో, కొండపల్లి బొమ్మల అర పెద్దవాళ్ళవి. మేడ మీది గదుల్లో గోడలు పిల్లలవి. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా అబ్బాయి హైస్కూల్లో చేరిన ఏడాది కోరి తెచ్చుకున్నది ఇక్కడి పోస్టర్ల దుకాణాల్లోనూ, హోటళ్ళలోనూ, చివరికి మంగలి షాపుల్లోనూ కనిపించే ఒక నలుపు తెలుపు ఫొటో. ఆకాశంలో అడ్డంగా ఉక్కు దూలం, దాని మీద వరసగా కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తున్న 11 మంది కార్మికులు, వాళ్ళ కాళ్ళ కింద న్యూయార్క్ నగరం.

ఇలాంటి పటం ఇంటికి రాగానే, ఈ దేశాన్ని కట్టినవాళ్ళు వలస వచ్చినవాళ్ళేననీ, మనమూ అలాగే వచ్చామనీ పిల్లలకు చెప్పడం మనలో చాలామందికి అలవాటు. పిల్లలకు ఇక్కడ కాలు మోపడానికి కాస్త చోటు చూపించాలన్న తాపత్రయం అందులో ఉన్న మాట నిజమే గాని, నాకు ఆ మాట మింగుడు పడదు. మేము ఉద్యోగ వీసా మీద, కంపెనీ కొనిచ్చిన టికెట్టుతో వచ్చినవాళ్ళం. మా పనిలో పడిపోయేవి సర్వర్లు, మనుషులు కారు. ఆ దూలంతో మా ఇంటికి నిజమైన చుట్టరికం రాజమండ్రిలో ఉంది. మా మామగారు తాపీ మేస్త్రీ. సరుగుడు బాదులతో కట్టిన పరంజాల మీద నలభై ఏళ్ళకు పైగా నిలబడి పనిచేసిన మనిషి.

ఆదివారం వీడియో కాల్‌లో మనవడు ఆ ఫొటోను గర్వంగా చూపించినప్పుడు ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "ఒరేయ్ అబ్బాయ్, వీళ్ళు పనివాళ్ళే, ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది. కాని వీళ్ళను ఎవరో చెప్పి వరసగా కూర్చోబెట్టార్రా. పొద్దున్నుంచి పైన ఉన్నవాడు అన్నం వేళకైనా కాళ్ళు నేల మీద పెట్టాలనుకుంటాడు" అన్నారు. వాడు నొచ్చుకున్నాడు. తాతయ్య మాట తప్పని నిరూపించడానికే వెతకడం మొదలుపెట్టాడు, కాని దొరికిన ఆధారాలన్నీ తాతయ్య పక్షమే పలికాయి. 1932 సెప్టెంబరు 20న, నేటి రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ఆర్‌సీఏ భవనం కడుతున్నప్పుడు, 69వ అంతస్తు ఎత్తున, అంటే సుమారు 850 అడుగుల పైన తీసిన ఆ ఫొటో కట్టడానికి ప్రచారం కోసం తీయించినది. మనుషులు నిజమైన ఇనుపపని కార్మికులే, ఎత్తూ నిజమే. కూర్చోవడం మాత్రం కెమెరా కోసం. అక్టోబరు 2న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ఆదివారం అనుబంధంలో అది అచ్చయింది. తీసింది చార్లెస్ ఎబ్బెట్స్ అని 2003లో ప్రకటించినా, ఆ రోజు అక్కడ వేరే ఫొటోగ్రాఫర్లు కూడా ఉన్నారని తేలడంతో ఆ పేరు మళ్ళీ సందేహంలో పడింది. కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఇప్పటికీ తెలియవు. ఐర్లండులోని గాల్వే ప్రాంతంలో షనగ్లిష్ అనే పల్లెలో ఒక పబ్బు గోడ మీద ఇదే ఫొటో ఉంటుంది. దూలానికి ఒక చివర ఉన్నది తన తండ్రి, రెండో చివర ఉన్నది తమ బంధువు అని అమెరికాలో స్థిరపడిన ఒక కొడుకు రాసి పంపిన చీటీ దానితో పాటు ఉంది. మనకు అలంకారమైన బొమ్మ వాళ్ళకు ఇంటి ఫొటో.

గోడకు పెట్టుకోవలసినవి లూయిస్ హైన్ తీసిన ఫొటోలని నా అభిప్రాయం. 1930, 31లలో ఎంపైర్ స్టేట్ భవనం లేస్తున్నంత కాలం, యాభై దాటిన వయసులో, ఆయన కార్మికుల వెంట పైకి ఎక్కి, ఒక దశలో కట్టడం బయటికి వేలాడదీసిన బుట్టలో నిలబడి కూడా ఫొటోలు తీశాడు. అంతకుముందు, న్యూయార్క్ రేవులో వలసవాళ్ళు వచ్చి దిగే ఎల్లిస్ దీవిలో వలస కుటుంబాలనూ, 1908 నుంచి జాతీయ బాలకార్మిక సంఘం కోసం నూలు మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలనూ తీసినవాడు ఆయనే. తన ఈడు పిల్ల నూలు యంత్రాల వరసల మధ్య నిలబడి ఉన్న ఫొటోను మా అమ్మాయి ఎంతకీ వదల్లేదు.

మా మామగారికి నచ్చినవి రివెట్లు బిగించే ముఠా ఫొటోలు. ఒకడు చిన్న కొలిమిలో రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో పైకి విసురుతాడు. రెండోవాడు దాన్ని గాలిలోనే డబ్బాలో పట్టి రంధ్రంలో దూరుస్తాడు. మూడోవాడు తలవైపు బరువైన ఇనుము ఆనించి నొక్కి పట్టుకుంటాడు. నాలుగోవాడు గాలి సుత్తితో రెండో కొనను నలగగొడతాడు. "ఇందులో ఒక్కడు మాట వినకపోయినా నలుగురూ పోతారు" అని ఆయన మనవడికి చెప్పిన తీరులో తన సొంత ముఠా గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

ఆ ఉక్కు పనిలో ఉత్తర అమెరికా ఆదివాసులైన మోహాక్ జాతివాళ్ళకు పెద్ద పేరు. కెనడాలో మాంట్రియల్‌కు ఎదుట, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న కానవాగె వాళ్ళ ఊరు. 1886లో అక్కడి రైలు వంతెన దగ్గర ఈ పని మొదలుపెట్టిన వాళ్ళు, 1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన కూలి చనిపోయిన 75 మందిలో 33 మంది తమవాళ్ళే అయినా ఆ పని మానలేదు; మగవాళ్ళంతా ఒకేచోట పనికి పోకూడదని మాత్రం ఆడవాళ్ళు పట్టుబట్టారు. తర్వాత ఆ కుటుంబాలు బ్రూక్లిన్‌లో కాపురం పెట్టాయి. వారమంతా న్యూయార్క్ బడి, సెలవు దొరికితే రాత్రంతా కారులో ప్రయాణం చేసి సొంత ఊరు: ఆ పిల్లల పెంపకం గురించి చదువుతుంటే ఈ పటాల్లో కనిపించని సగం అదేననిపించింది. బ్రూక్లిన్‌లోని ఒక చర్చి పాదిరీ, డేవిడ్ కోరీ, వాళ్ళ భాష నేర్చుకుని అందులోనే ప్రార్థనలు జరిపించాడు. మన వారాంతపు తెలుగు బళ్ళకు పిల్లలను ఈడ్చుకుపోతున్నప్పుడు నాకు ఆయన గుర్తొస్తుంటాడు. మనకు దొరికిన పొరుగువాళ్ళలో అంత శ్రమ పడ్డవాళ్ళు తక్కువ.

హైన్ ఫొటోలను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైటు నుంచి దించుకుని, దగ్గరలోని షాపులో అచ్చు వేయించుకోవచ్చు. రంగులు పులిమి అమ్మే ప్రతుల జోలికి నేను పోను. మా అబ్బాయి దూలం ఫొటో తీసేయలేదు, తీసేయమని నేనూ అనలేదు. దాని కింద తేదీ, ప్రచారం కోసం తీసినదన్న మాట అట్టముక్క మీద రాసి అంటించాడు, పక్కన రివెట్ల ముఠాను పెట్టుకున్నాడు.

అప్పుడు మా అమ్మాయి, తాతయ్య పనిచేస్తుండగా తీసిన ఫొటో కావాలంది. ఒక్కటీ లేదు. స్టూడియోలో చేతులు కట్టుకుని నిలబడ్డవే ఉన్నాయి. ఫొటో లేకపోతే పేర్లయినా రాసుకోమని ఆయనే అన్నారు. తన దగ్గర పనిచేసినవాళ్ళలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వచ్చినవాళ్ళట. ఎవరు ఏ మేడ కట్టారో వీధులతో సహా ఆయన చెబుతుంటే మా అమ్మాయి తెలుగులోనే, గుణింతాలు అడిగి అడిగి రాసుకుంటోంది. కొందరి ఇంటిపేర్లు ఆయనకు గుర్తు రావడం లేదు. టెక్కలిలో ఉన్న పాత కూలీ ఒకాయనకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారానికి కనుక్కుని చెబుతానన్నారు.