మా చెల్లి తిరిగొచ్చింది

నిన్న తెల్లారుజామున విజయవాడ బస్టాండ్‌కెళ్లి మా పిన్ని కూతుర్ని తీసుకొచ్చా. పోయేటప్పుడు రెండు బ్యాగులు, పచ్చడి డబ్బాలతో వెళ్లిన పిల్ల ఒక్క క్యారీబ్యాగ్‌తో దిగింది, చేతులకి గాజులు కూడా లేవు.

కువైట్‌లో ఇంటిపని అని చెప్పి ఊళ్లో ఏజెంటు లక్షన్నర లాగాడు, అసలు లైసెన్సున్న ఏజెంటైనా తీసుకోవాల్సింది 30,000, పైన జీఎస్టీ, అంతే. దీనిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌కి పనికెళ్లాలంటే ముందు ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వాలి, 30 ఏళ్లు నిండని ఆడపిల్లకి గల్ఫ్‌లో ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు, అది వాడికి బాగా తెలుసు, అందుకే దుబాయ్ విజిట్ వీసా మీద పంపి అక్కణ్ణుంచి దాటించాడు. కాగితాల్లో ఇది టూరిస్టు! వెళ్లిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారంట, చివరికి ఎంబసీ షెల్టర్‌కి చేరబట్టి బతికి బయటపడింది.

మధ్యాహ్నం పడుకుంటే పిన్ని గిన్నె కింద పడేసింది, ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచి "ఎస్ మేడమ్" అంది. నాకు ఏడుపాగలేదు.

ఆ ఏజెంటు ఇప్పుడు మా పక్కవీధి అమ్మాయి ఇంటికి తిరుగుతున్నాడంట. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్ల వివరాలుండే ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో వెతికా, లైసెన్సు లిస్టులో వాడి పేరే లేదు. రేపు పొద్దున్నే చెల్లిని వెంటబెట్టుకుని ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్తున్నా.